పెదబాబు వాటా

"ఎంత లోతుకెళ్ళాడు?"

"మెడ దాకా."

పెద్దింట్లమ్మ కోడలి మాట వింటూనే దండెం మీది తువ్వాలు తీసి కొడుకు తల తుడవడం మొదలుపెట్టింది.

పెదబాబు అరుగు మీద కూర్చుని, ఎవరి తలో తుడుస్తున్నట్టు ఊరుకున్నాడు. పంచె అంచు నుంచి ఉప్పునీళ్ళు కారి అరుగు కింద ఇసక తడిసింది. ముప్ఫై ఏళ్ళ మనిషి. రెండేళ్ళ కిందటి వరకు సత్తియ్య పడవలో వల వేయాలంటే ముందు ఇతని కోసమే చూసేవారు. ఒకరోజు వేట నుంచి వచ్చి, నీళ్ళల్లోంచి తననెవరో పిలుస్తున్నారన్నాడు. అప్పటినుంచి పిలుస్తూనే ఉన్నారు. వాళ్ళు పిలిచినప్పుడల్లా తెల్లవారుజామున లేచి వెళ్ళిపోతున్నాడు. ఈ నెలలో ఇది మూడోసారి.

అతన్ని జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చింది భార్య లోవమ్మే. చేపల గంప నెత్తినెత్తుకుని సంతకి బయల్దేరినది, గంప ఇసకలో పారేసి పరుగెత్తింది. ఇప్పుడు రెక్కలు లాగేస్తున్నాయి. ఆమెకి ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి, అది ఆమె దగ్గర లేదు.

సంతకి వెళ్ళే వేళ ఎలాగూ దాటిపోయింది. ఉన్న నాలుగు చేపలైనా పులుసు పెడదామని కత్తిపీట ముందుకు లాక్కుంది. కత్తి మొదట్లో, చెక్కలో దిగేచోట, తెల్లటి పొడి కనిపించింది. ఉప్పు అనుకుని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. చేదు.

పీట ఎత్తి చూసింది. కింద సగం మాత్ర ఉంది.

ఆ మాత్రలేంటో ఆమెకి చెప్పనక్కర్లేదు. మూణ్ణెల్లుగా ఈ ఇంటి ఆశంతా వాటి మీదే ఉంది. పట్నం నుంచి వచ్చే డాక్టరు వెంకటరాజుగారు మనసు చెడిన వాళ్ళ మీద ఏదో పరిశోధన చేస్తున్నారు. ఈ పేటలో ఎనిమిది మంది పేర్లు రాసుకుని, ఎనిమిది ఇళ్ళకి ఎనిమిది రేకు డబ్బాలిచ్చారు. పెదబాబు డబ్బా మీద ఎర్ర రంగుతో నాలుగో నంబరు వేసి ఉంటుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తల్లి చేత్తో పెడితేనే నోరు తెరుస్తాడని మందు పని పెద్దింట్లమ్మ తీసుకుంది. చీకటితోనే సంతకెళ్ళి మధ్యాహ్నానికి వచ్చే లోవమ్మ, రాత్రి అలసిపోయి మొద్దులా పడి నిద్రపోయే లోవమ్మ, ఆ పెట్టడమేంటో ఏనాడూ చూడలేదు.

"అత్తా, ఏంటిది?"

పెద్దింట్లమ్మ చూసింది. చూడనట్టు కొడుకు వీపు తుడవసాగింది.

"నిన్నే. మాత్ర ఎందుకు కోశావు?"

"గొంతు దిగట్లేదంటే కోశాను."

"మరి రెండో ముక్క ఎవరి గొంతు దిగింది?"

తువ్వాలు పిండి దండెం మీద వేశాక, పెద్దింట్లమ్మ చెప్పింది. సత్తియ్య కూతురు నూకరత్నానికి.

నూకరత్నానికి పదిహేడేళ్ళు. తల్లి లేని పిల్ల. ఏడాదిగా జుట్టు పీక్కోవడం, గోడ చూసి నవ్వడం, అన్నం ముందు పెడితే విషమని తోసేయడం. పేటలో అందరికీ తెలుసు. డాక్టరుగారి తరఫున పేర్లు రాసుకోవడానికి వచ్చినప్పుడు మాత్రం సత్తియ్య తలుపు దగ్గరేసి, మా ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరండి అన్నాడు. అప్పుడు ఎవరో సంబంధం మాట్లాడుతున్నారు. ఆ సంబంధం ఎలాగూ తప్పిపోయింది. తర్వాత పేరు రాయమని వెళ్తే, జాబితా అయిపోయిందన్నారు.

"వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడే. అంత మనిషి," అంది పెద్దింట్లమ్మ. "కాస్త మందు మా పిల్లకి కూడా పెట్టు అక్కా అన్నాడు. వీడు పడవెక్కడం మానేసి రెండేళ్ళయింది. ఒక్కరోజైనా వీడి చేపల వాటా మన గుమ్మంలో పడకుండా ఉందా? తడవని మనిషికి వాటా ఏంటని ఆ పడవలో ఒక్కడు అన్నాడా? అలాంటోడొచ్చి అడిగితే, ఇది నా కొడుక్కేనని ఏ నోటితో అనను?"

"చేప సగం తింటే సగం ఆకలైనా తీరుద్ది. మందు సగం తింటే ఏమవుద్దో చూశావుగా. మెడ దాకా వెళ్ళాడు."

"ఆ పిల్లకి తగ్గిందే. నిన్న జడేసుకుంది."

ఆ జడని లోవమ్మ కూడా చూసింది. చూసి, వాళ్ళమ్మ పైనుంచి దీవించిందనుకుంది. పిచ్చిమొద్దు తను. కోపం వచ్చింది, చాలా వచ్చింది. అది ఎవరి మీద చూపాలో మాత్రం తెలియలేదు. కత్తిపీట తీసుకెళ్ళి దొడ్లో కట్టెల కింద పెట్టి వచ్చింది.

ఆ రోజే డాక్టరుగారు వచ్చే రోజు. మూణ్ణెల్లకోసారి వచ్చి, ఎవరికి ఎంత గుణం కనిపించిందో చూసి రాసుకుని, డబ్బాలు మళ్ళీ నింపి ఇస్తారు. పెదబాబు సంగతి ఏం రాస్తారో లోవమ్మకి తెలుసు. డబ్బా లెక్క ప్రకారం ఖాళీ అయింది, మనిషి మారలేదు. కాబట్టి ఈ మనిషికి ఈ మందు పనికిరాదు. అలా రాసేస్తే ఇక మాత్రలు లేవు. ఇప్పటిదాకా సగమే తిన్నాడు, నిండా తింటే ఏమవుతాడో చూడండి అని అడగాలంటే, మిగతా సగం సంగతి చెప్పాలి.

ముందు కన్యకాపరమేశ్వరి దగ్గరికి వెళ్ళింది.

కన్యకాపరమేశ్వరిది సామర్లకోట. తండ్రికి బజార్లో కిరాణా కొట్టు. బి.ఏ. చదివిన కూతురు కొట్టు గుమాస్తాకంటే బాగా లెక్కలు రాస్తుందని మురిసిపోయేవాడు. ఆ కూతురు వచ్చి ఈ ఇసకలో ఇల్లిల్లూ తిరిగి, మీ ఇంట్లో రాత్రుళ్ళు నిద్ర పట్టనివాళ్ళున్నారా, తమలో తాము మాట్లాడుకునేవాళ్ళున్నారా అని అడిగి రాసుకునే ఉద్యోగంలో డాక్టరుగారి దగ్గర చేరింది. ఆ రోజు నుంచి తండ్రి ఆమెతో మాట మానేశాడు. ఎనిమిది నెలల్లో ఆవిడ రెండు జతల చెప్పులు అరగదీసింది. మొదట్లో ఆవిడని చూసి తలుపులేసుకున్న ఇళ్ళే ఇప్పుడు మజ్జిగ తాగి వెళ్ళమంటున్నాయి. అందులో ఆవిడకి కాస్త గర్వం కూడా ఉంది. ఉండనిద్దాం, పాపం, ఇంకేం మిగిలింది గనక.

లోవమ్మ చెప్పిందంతా విని కన్యకాపరమేశ్వరి పుస్తకం అట్ట గోకింది.

"చెప్పేయి లోవమ్మా," అంది. "ఆయన మంచివారు. నిజం చెప్తే అర్థం చేసుకుంటారు. మళ్ళీ మొదట్నుంచి నిండుగా మందిస్తారు. నాదీ పూచీ."

డాక్టరుగారు కూర్చునే స్కూలుకి వెళ్ళే దారిలో పెద్దింట్లమ్మ కోడలి చెయ్యి రెండుసార్లు పట్టుకుంది. మొదటిసారి సత్తియ్య మొహం ఎలా చూడమంటావని అడిగింది. రెండోసారి ఊరికే పట్టుకుంది. లోవమ్మ విడిపించుకుని మొగుణ్ణి నడిపించుకుంటూ పోయింది.

ఎలిమెంటరీ స్కూలు వరండాలో బల్ల వేశారు. ఎనిమిది ఇళ్ళవాళ్ళూ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చున్నారు. వెంకటరాజుగారికి యాభై దాటి ఉంటాయి. ప్రయాణంలో దుమ్ము కొట్టుకుపోయిన మొహం. నిద్ర చాలని కళ్ళు. వరసలో మొదటి ముగ్గురి దగ్గరా ఒకటే మాట పైకి అంటూ రాశారు. అంతంతమాత్రం. నాలుగో నంబరు పిలిచారు.

పెదబాబుని పేరడిగారు. ఇవాళ ఏ వారమని అడిగారు. అతను బల్ల మీద గంటు చూస్తూ నిలబడ్డాడు. ఆయన నిట్టూర్చి పెన్ను తీశారు.

"రాయకండి బాబూ," అంది లోవమ్మ. "ఆయన సగమే తిన్నాడు."

చెప్పింది. కత్తిపీట సంగతి, చేదు సంగతి, పొద్దున మెడ దాకా వెళ్ళిన సంగతి అన్నీ చెప్పింది. డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మిగతా సగం ఎవరికిచ్చారు?"

"అది చెప్పనండి."

ఆయనకి కోపం వస్తే బాగుండేది. కోప్పడితే కాళ్ళు పట్టుకోవచ్చు. ఆయన అలసిపోయిన మనిషిలాగే మాట్లాడారు.

"చూడమ్మా. నేను ఈ ఎనిమిది మందికి మందిచ్చి వెళ్ళడానికే రావట్లేదు. ఇలాంటి జబ్బుకి మనిషిని ఎక్కడో గదిలో పెట్టి తాళం వేయక్కర్లేదని, ఇంట్లోనే ఉంచి మీలాంటివాళ్ళే మందు పెట్టుకుంటే నయమవుతుందని పైవాళ్ళకి చూపించాలి. చూపిస్తే ఈ తీరం పొడుగునా ప్రతి పేటకీ మందిస్తారు. మీరిలా సగం సగం చేస్తే మందు పనిచేయదు. పనిచేయదని నేను రాస్తాను. రాశాక ఇక ఎవరికీ ఇవ్వరు."

"ఇప్పుడు తెలిసిందిగా బాబూ. ఇకనుంచి నిండా పెడతాను. నేనే పెడతాను."

"మూణ్ణెల్ల లెక్క చెడిపోయింది. చెడిన లెక్క ఉంచుకోకూడదు. అది నేను పెట్టిన రూలు కాదు."

కన్యకాపరమేశ్వరి లేచి నిలబడి ఏదో ఇంగ్లీషులో అంది. ఆయనా ఇంగ్లీషులోనే సమాధానమిచ్చారు. రెండు మాటలు. ఆవిడ కూర్చుంది. డాక్టరుగారు స్కేలు పెట్టి నాలుగో నంబరు మీద గీత కొట్టారు. తర్వాత చీటీ రాసి ఇచ్చారు. వారంవారం పట్నం ఆసుపత్రికి తీసుకొస్తే అక్కడ మందిస్తారట. పట్నానికి రేవు దాటి రెండు బస్సులు మారాలి. నీళ్ళు చూస్తే దిగిపోయే మనిషిని రేవు దాటించి తీసుకురమ్మంటున్నారు. లోవమ్మ ఆ చీటీ మడిచి కొంగున కట్టుకుంది.

ఆయన వరస వైపు తిరిగారు. "ఇంకెవరైనా పంచారా? ఇప్పుడే చెప్పండి. ఇంకో ఇంట్లో కూడా ఇదే జరుగుతుంటే నేనీ పని మూసేసి వెళ్ళిపోవడమే."

కొడుకు డబ్బా ఒళ్ళో పెట్టుకున్న చిట్టియ్య తల్లి మొదట అంది. "లేదండి."

తర్వాతి ఆమె అంది, లేదండి. ఏడు ఇళ్ళూ అన్నాయి. ఏడుగురిలో ఒక్కరూ డాక్టరుగారి వైపు చూడలేదు. అందరూ లోవమ్మ కొంగున ఉన్న చీటీ ముడినే చూశారు.

ఇంటికొచ్చేసరికి పొద్దుటి చేపలు కొయ్యకుండానే పాడయ్యాయి. పెద్దింట్లమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. కొడుక్కి అన్నం లోవమ్మే కలిపింది. నాలుగు ముద్దలు తిని నోరు మూశాడు. ఆ నాలుగు ముద్దల సేపూ లోవమ్మకి కన్యకాపరమేశ్వరి మాటే చెవుల్లో మోగింది. నాదీ పూచీ. పూచీ ఇచ్చినావిడ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడి కూర్చుంది. ఆవిణ్ణి అనుకుని మాత్రం ఏం లాభం? నోరు విప్పింది తను.

పడవలు ఒడ్డుకి వచ్చాక సత్తియ్య వచ్చాడు. రోజూ వచ్చినట్టే వచ్చి, రోజూ పెట్టినచోటే తాటాకు బుట్ట పెట్టాడు. అందులో మూడు కానాగంత చేపలు, గుప్పెడు రొయ్యలు. పెదబాబు వాటా. లోవమ్మ గుమ్మంలో ఉంది.

"నా పిల్ల పేరు చెప్పలేదంట," అన్నాడు సత్తియ్య.

"లేదు మామా."

అతను తల ఊపాడు. రుమాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

బుట్టలో రొయ్యలు తీస్తుంటే అడుగున బాదం ఆకు పొట్లం తగిలింది. విప్పింది. సగం మాత్ర. నూకరత్నం ఆ రాత్రి వేసుకోవాల్సింది.

లోవమ్మ దాన్ని చేతిలో పట్టుకుని అలాగే ఉండగా చిట్టియ్య తల్లి వచ్చింది. లోపలికి రాలేదు. అరుగు దగ్గరే కొంగు ముడి విప్పి, మాత్ర ముక్క తీసి లోవమ్మ ఒళ్ళో వేసింది. అది సగం కాదు. సగం కంటే చిన్నది.

"ఇదేంటి పిన్నీ?"

"మీ ఆయనకి. డబ్బా తీసేసుకుంటారంటగా."

"మరి చిట్టియ్యకి?"

"వాడికీ ఉంది. మా చెల్లెలి కొడుక్కీ ఉంది." చిట్టియ్య తల్లి గొంతు తగ్గించింది. "ఇన్నాళ్ళూ రెండు చేసేదాన్ని. ఇకనుంచి మూడు చేస్తాను. నువ్వు మరీ దిగులు పడకు."

లోవమ్మ ఆ రెండు ముక్కలూ ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుంది.

తర్వాత ఇంకొకామె వచ్చింది. ఆ తర్వాత ఇంకొకామె. ఒకామె పసుపుగుడ్డలో కట్టి తెచ్చింది, ఒకామె తమలపాకులో. ఎవరూ పొద్దున జరిగిన సంగతి ఎత్తలేదు. ఎవరూ ఎక్కువసేపు నిలబడలేదు. పడవ మనిషి మంచాన పడ్డాడని వాటా తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళినట్టే పెట్టి వెళ్ళారు. దీపాలు పెట్టేవేళకి ఏడు ఇళ్ళ నుంచీ వచ్చేశాయి.

అంటే ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ నిండు మాత్ర మింగలేదు. ఎనిమిది మందికిచ్చిన మందు పేటలో ఎంతమంది తింటున్నారో ఆ దేవుడికే తెలియాలి. పొద్దున డాక్టరుగారు అంతంతమాత్రం, అంతంతమాత్రం అని ఎందుకు రాశారో లోవమ్మకి ఇప్పుడు అర్థమైంది. ఇకనుంచి అందులో ఇంకో ముక్క తగ్గుతుంది, తన మొగుడి కోసం. ఇంకో మూణ్ణెల్లకి ఆయన వచ్చి, మందు పనికిరాదని రాసుకుని వెళ్ళిపోతారు. తీరం పొడుగునా ఎవరికీ రాదు. ఇంత ప్రేమగా ఒకరి మందు ఒకరం లేకుండా చేసుకుంటున్నాం కదా అనుకుంటే, ఆమెకి పొద్దున్నించి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

పెద్దింట్లమ్మ ఎప్పుడు లేచిందో, వెనక నిలబడి ఉంది.

"ఇవి తిరిగి ఇచ్చేస్తాను అత్తా."

"వాటా తిప్పి పంపితే ఇక ఆ పడవతో మనకేం లేదన్నట్టే." స్కూలు నుంచి వచ్చాక పెద్దింట్లమ్మ అన్న మొదటి మాట అది. "రేపు తెల్లారకుండా వాడు లేస్తాడు. అది చూసుకో ముందు."

పెదబాబు అరుగు మీద కూర్చుని సముద్రం వైపు చెవి ఒగ్గి వింటున్నాడు. లోవమ్మ అతన్ని చూసింది. ఒళ్ళోకి చూసుకుంది. అన్నీ కలిపితే ఇన్నాళ్ళూ అతను పూటకి తిన్నదానికంటే ఎక్కువే ఉంటుంది. ఈ రాత్రికి నిండా పెట్టొచ్చు. ఈ ఒక్క రాత్రికైనా.

"లోవమ్మా."

గుమ్మంలో కన్యకాపరమేశ్వరి. భుజాన సంచి, చంకలో పుస్తకం, చేతిలో పెన్ను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాలుగో నంబరు డబ్బా పట్టుకురమ్మన్నారట డాక్టరుగారు. ఆవిడ ఆ మాట కాకుండా ఇంకేదో చెప్పాలని వచ్చినట్టుంది. పొద్దుట నేను, అని మొదలుపెట్టింది. అంతలో చూపు లోవమ్మ ఒళ్ళోకి పోయింది. ఆకులు, గుడ్డపేలికలు, తెల్లటి ముక్కలు.



ఎనిమిది నెలలు ఇల్లిల్లూ తిరిగిన మనిషి. ఏ ఇంట్లో ఏ గుడ్డ పసుపు ముంచి కడతారో ఆవిడకి తెలుసు. ఆ చూపు ఒక్కో ముక్క మీద నుంచీ మెల్లగా కదలడం లోవమ్మ చూస్తూ కూర్చుంది.

"ఇవి ఎవరెవరివి?" అంది కన్యకాపరమేశ్వరి.

పెద్దింట్లమ్మ నోరు తెరవబోయింది. లోవమ్మ ముందే అనేసింది.

"మావేనండి."

"లోవమ్మా. నాతో కూడా..."

"మావేనండి, అమ్మాయిగారూ. మా వాటా."

పొద్దున ఇదే మనిషి అంతమంది ముందు నిజం చెప్పింది. అబద్ధం కూడా అలాగే, కళ్ళలోకి చూసి చెప్పింది. కన్యకాపరమేశ్వరి వెళ్ళిపోలేదు. డబ్బా అడగనూ లేదు. మెల్లగా వచ్చి అరుగు మీద పెదబాబు పక్కన కూర్చుని, ఎనిమిది ఇళ్ళ పేర్లున్న పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది.

పెన్ను మూత తీసే ఉంది.